అయిదో రెమ్మ నీళ్ళలో ఉంది

రెండో కప్పు తుడిచి బోర్లించేలోపు సరస్సు మాయమైంది. ఇంతసేపూ కిటికీ వైపు చూడకూడదని పంతం పట్టి, వీపు అటు పెట్టి నిలబడ్డ తోరున్ చివరికి తిరిగి చూస్తే అక్కడ చూడ్డానికేమీ లేదు. అవతలి ఒడ్డు లేదు, ఆ ఒడ్డున ఓద్‌మున్ ముసలాయన ఇంటి పొగ లేదు, ఐసు మీద నడిమధ్యన ఎక్కడో నల్లచుక్కలా కదులుతూ ఉండాల్సిన తన మొగుడు లేడు. పొగమంచు మెట్ల దాకా వచ్చి కూచుంది. ఎప్పుడు దిగింది ఇది, ఇందాక లేదే, హల్వర్ బయల్దేరినప్పుడు ఎదుటి కొండ నడుం దాకా కనిపించిందే. పదకొండు గంటలకి పది నిమిషాలుందనగా వెళ్ళాడు. ఇప్పుడు పదకొండూ అయిదు. సరస్సు దాటడానికి పాతిక నిమిషాలు, ఓద్‌మున్ కాఫీ పెట్టి, కాఫీతో పాటు తన మోకాలి సంగతులన్నీ పోసి ఇవ్వడానికి అరగంట, రావడానికి మళ్ళీ పాతిక. పన్నెండుంపావు దాకా ఎదురు చూడాల్సిన పనే లేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఈ సెలవుల ఇంటికి వచ్చినప్పుడల్లా శనివారం ఆ ముసలాయనకి వారం పేపర్లూ, ఒక రొట్టే ఇచ్చి రావడం హల్వర్‌కి అలవాటు, కళ్ళు మూసుకుని వెళ్ళొస్తానంటాడు. కళ్ళు మూసుకుని. ఆ మాట దగ్గర ఆమె ఆలోచన కాలికి రాయి తగిలినట్టు ఆగింది.

చూసింది కదా. పొద్దున్న ఎనిమిదింటికి బకెట్ పట్టుకుని వాగు దగ్గరికి వెళ్ళినప్పుడు చూసింది. వాగు సరస్సులో కలిసే చోట ఐసు బూడిదరంగుకి తిరిగి ఉంది, దాని మీది మంచు తడిసి నీళ్ళోడుతోంది, ఇంకాస్త అవతల నల్లగా, గజం వెడల్పున, చప్పుడు చెయ్యకుండా నీళ్ళు. ఫిబ్రవరిలో హల్వర్ దారి గుర్తుకోసం వంద అడుగులకొకటి చొప్పున ఐసులో గుచ్చిన బిర్చ్ చెట్టు రెమ్మలు వరసగా అవతలి ఒడ్డుదాకా పోతాయి, ఆ వరసలో అయిదోది నీళ్ళలో నిలబడి ఉంది. నిలబడి కూడా కాదు, కింద పట్టు లేక అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది, ఎవరో కిందినుంచి పట్టుకుని ఆడిస్తున్నట్టు. ఏప్రిల్ నెల సగం గడిచాక ఆ రెమ్మలు పీకి వాగుకి దూరంగా కొత్త దారి గుర్తు పెట్టేవాడు ఏటా. ఈ ఏడు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో తెలియక నిన్నటిదాకా ఒళ్ళు బద్ధకం అనుకుంది. చెప్పాలి అనుకుంటూనే బకెట్ నింపింది, చెప్పాలి అనుకుంటూనే మెట్లెక్కింది, కానీ లోపల బల్ల మీద ఆ కాగితం ఉంది, తనే పెట్టి వెళ్ళింది కాఫీ కప్పు పక్కన, హల్వర్ దాని ముందు కూచుని రొట్టెకి గోధుమరంగు జున్ను రాసుకుంటున్నాడు ఏమీ ఎరగనట్టు.

నిన్న సాయంత్రం దొరికింది ఆ కాగితం. శుక్రవారం కదా, ఓస్లో నుంచి కొండలకి పోయే దారంతా కార్లు చీమల బారులా పాకుతున్నాయి, అందరి కార్ల నెత్తినా స్కీలే, అందరి వెనక అద్దాల్లోనూ కుక్కలే. మూడు గంటల దారికి అయిదు గంటలు పట్టింది, దారంతా హల్వర్ మామూలుకన్నా మెల్లగా నడిపాడు, వెనకవాడు హారన్ కొడితే "పోనీ నాయనా, ముందు నువ్వే పో" అని నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. పైన కార్లాపే చోట అతను స్కీలు దించుతుంటే ముక్కు తుడుచుకోవడానికి కాగితపు రుమాలు కోసం ఆమె కారు ముందరి అర తెరిచింది. కంటి ఆసుపత్రి ఉత్తరం. ఫిబ్రవరి పద్నాలుగు తేదీ. కంటి మధ్యభాగం చూపు తగ్గుతోంది, రెండు కళ్ళకీ, తిరిగి పరీక్ష జరిగేవరకు వాహనం నడపరాదు. ఫిబ్రవరి పద్నాలుగు. మరి మార్చిలో రెండుసార్లు వచ్చారు ఇక్కడికి. మరి ఈస్టర్‌కి? ఈస్టర్ సెలవులకి వచ్చినప్పుడు వెనక సీట్లో మనవరాలు తీరిల్ ఉంది, నాలుగేళ్ళది, పాటలు పాడుతూ, పక్కన ఆరొందల అడుగుల లోయ, ఆ మలుపుల్లో. అది తలుచుకుంటూనే నిన్న అక్కడ మంచులో నిలబడి ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.  సంచీ తగిలించుకుని, స్కీలు కట్టుకుని, మూడు కిలోమీటర్లు అతని వెనకే వచ్చింది నోరు మెదపకుండా, అతనేమో "ఆకలా, అంత గబగబా నడుస్తున్నావు" అన్నాడు.

పొద్దున్న మాత్రం అంది. "ఇదేమిటి?"

"కాగితం."

"చదివాను."

"చదివితే మళ్ళీ అడుగుతావేం?"

"తీరిల్‌ని ఎక్కించుకున్నావు హల్వర్."

జున్ను రాస్తున్న కత్తి ఆగింది. "డాక్టర్లు అలాగే రాస్తారు, ఏదన్నా జరిగితే వాళ్ళ మీదికి రాకుండా. నాకు బాగానే కనిపిస్తోంది."

"గడియారంలో టైమెంత?"

అతను తలెత్తి గోడవైపు చూశాడు. చూసి, కిటికీలో వెలుగు వైపు ఒకసారి చూసి, "ఎనిమిదీ ఇరవై" అన్నాడు ధీమాగా. గోడ గడియారం ఈస్టర్‌కి వెళ్ళిపోయినప్పుడే ఆగిపోయింది, నాలుగుంపావు దగ్గర. ఆమె చేతి వాచీలో ఎనిమిదీ పాతిక. అంత దగ్గరగా ఊహించాడు, వెలుగుని బట్టి, కడుపులో ఆకలిని బట్టి, ముప్పై నాలుగేళ్ళ అలవాటుని బట్టి. ఇన్నాళ్ళూ తనని చూసిందీ ఇలాగేనేమో, ఊహించుకుని చూశాడేమో, మొన్న కొత్త స్వెట్టర్ వేసుకుంటే బావుంది అన్నదీ ఇలాగేనా. అతను బడిలో వడ్రంగం నేర్పే మేష్టారు, పిల్లలు పలక చిత్రిక పట్టి తెస్తే ఒక కన్ను మూసి చూసి వెంట్రుకవాసి వంకర చెప్పేవాడు, మట్టం అవసరం లేదు మా సారుకి అని పిల్లలు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ కళ్ళు. అప్పుడే ఆమెకి జాలి కలగాల్సింది. కలగలేదు. అబద్ధం చెప్పాడన్న మంటే పైకి లేచింది.

ఆ తర్వాత రెండు గంటలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అంత చిన్న ఇంట్లో మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో, ప్రతి గరిటె చప్పుడూ ఒక జవాబులా వినిపిస్తుంది. పది ముప్పావు దాటాక అతను పేపర్లు సంచీలో పెట్టుకున్నాడు, రొట్టె పెట్టుకున్నాడు. "ఓద్‌మున్ దగ్గరికి పోయొస్తా" అన్నాడు తలుపుకి చెప్పినట్టు. గుమ్మం బయట వంగి స్కీకి బూటు తగిలించుకుంటున్నాడు, తగిలే చోటు కనబడక వేలితో తడుముతున్నాడు. ఆమె గుడ్డ పట్టుకుని గుమ్మంలోనే ఉంది, మూడడుగుల దూరంలో. వాగు దగ్గర జాగ్రత్త, అంటే సరిపోయేది. రెండు క్షణాల పని. మాట నోట్లోకి వచ్చింది, నాలుక మీద దాని బరువు కూడా తెలిసింది. అప్పుడు లోపలెక్కడో ఒక గొంతు, తన గొంతే, చాలా ప్రశాంతంగా అంది, బాగానే కనిపిస్తోందన్నావుగా, చూసుకో. ఆమె తలుపు వేసింది.

లేదు, అంతలా అనుకోలేదు, ఏదో విసురుగా అనిపించింది అంతే, మనుషులకి అనిపిస్తాయి, కూతురు మారిట్ పుట్టిన కొత్తలో ఏడుపు ఆపకపోతే ఆ పిల్లని కూడా ఒక్క క్షణం కిటికీలోంచి పారేద్దామనిపించలేదూ, ఎవరికీ చెప్పలేదు కాని అనిపించింది, పారేసిందా ఏం, ఎత్తుకుని జోకొట్టింది. కానీ అప్పుడు ఎత్తుకుంది. ఇప్పుడు తలుపు వేసింది. అయినా అతనికి ఈ సరస్సు కొట్టినపిండి, ఐసు రంగు చూడక్కర్లేదు, స్కీ కింద చప్పుడు మారితే తెలుస్తుంది, మంచు తడిగా ఉంటే కర్ర దిగబడుతుంది, తెలుస్తుంది. వాగు హోరు వినిపిస్తుంది కదా. అవును, కానీ వాగు హోరు ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ ఉండే చప్పుడు ఎవరికి వినిపిస్తుంది. అతను రెమ్మ నుంచి రెమ్మకి పోతాడు. ఆ రెమ్మల్ని తనే గుచ్చాడు కాబట్టి నమ్ముతాడు. అసలు చూపున్నవాడికే ఇలాంటి వెలుగులో తెలుపు మీద బూడిదరంగు తెలియదు.

అప్పుడు సరస్సు మూలిగింది. ఎండాకాలం దగ్గర పడేటప్పుడు ఐసు చేసే చప్పుడే, లోపలెక్కడో ఒక పెద్ద తలుపు మూసినట్టు దభ్ మని మొదలై, సాగి సాగి ఒడ్డుకి వచ్చి ఇంటి కింద ఆగుతుంది. చిన్నప్పుడు నాన్న తనని ఐసు మీద బోర్లా పడుకోబెట్టి చెవి ఆన్చి వినమనేవాడు, చేపల కోసం గొయ్యి తవ్వుతూ. "వింటున్నావా చిట్టీ, అది అరుస్తున్నంతసేపు గట్టిగా ఉన్నట్టు. అరవడం మానేసిందనుకో, అప్పుడు భయపడాలి." పొద్దున్న వాగు దగ్గర ఆ నల్లనీళ్ళు ఏ చప్పుడూ చెయ్యలేదు. తోరున్ ముప్పై ఏళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసింది, భయపడ్డవాళ్ళ చేతులు కుర్చీని పట్టుకునే తీరు ఆమెకి బాగా తెలుసు, ఇప్పుడు తన చేతులు బల్ల అంచుని అచ్చం అలాగే పట్టుకుని ఉన్నాయి, గోళ్ళ కింద తెల్లగా. టైము పదకొండూ పన్నెండు. ఏడు నిమిషాలేనా అయింది. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది, ఈ చప్పుడు కాస్త ఆగితే బయట ఎవరన్నా పిలిస్తే వినబడుతుంది. పొయ్యి తలుపు మూసింది. కెటిల్ దించింది. తలుపు తెరిచి నిలబడి వింది. వాగు. అంతే. వాగు, వాగు, వాగు.

ఫోను ఇక్కడ పనిచెయ్యదు, ఇంటి వెనక గుట్ట ఎక్కాలి, పావుగంట, ఎక్కి రక్షణ దళానికి చేస్తే ఏం చెబుతుంది, మా ఆయన పొరుగాయన ఇంటికి కాఫీకి వెళ్ళాడండీ, నాకు భయంగా ఉందండీ, అనా? ఈ పొగమంచులో హెలికాప్టర్ ఎలాగూ రాదు. ఓద్‌మున్ సరేసరి, ఫోను కింద ఊళ్ళోనే పడేసి వస్తాడు, ప్రశాంతత కోసమట. కోటు తీసుకోవడానికి కొక్కెం వైపు చెయ్యి చాపింది, చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోటు పక్కన మేకుల తాడు వేలాడుతోంది. చెక్క పిడులున్న రెండు మేకులు, ఐసు మీదికి వెళ్ళేవాళ్ళు మెడలో వేసుకుంటారు, నీళ్ళలో పడితే వాటిని ఐసు అంచున గుచ్చి పైకి పాకాలి, లేకపోతే తడి ఐసు మీద వట్టి చేతులు ఆనవు. పెళ్ళికి ముందు ఆమెని మొదటిసారి ఇక్కడికి తెచ్చినప్పుడు హల్వర్ తన చేత్తో ఆమె మెడలో వేసిందీ ఇవే. ఉంగరం తర్వాత కొంటాలే, ముందు ఇది, అన్నాడు. మర్చిపోయాడా. కొక్కెం మీద కనబడలేదా. లేక కోపంలో, తన ముందు తడుముకోవడం ఇష్టం లేక వదిలేసి పోయాడా. 

ఎలా బయల్దేరిందో గుర్తులేదు. మెడలో మేకులున్నాయి, భుజాన బట్టలారేసే తాడు చుట్ట ఉంది, సంచీలో దుప్పటీ, అతని ఉన్ని బట్టలూ కుక్కింది, కాఫీ ఫ్లాస్కు కూడా, ఎందుకు పెట్టిందో, చేతులు వాటంతటవే పెట్టాయి. స్కీల కింద ఐసు. మొదటి రెమ్మ. దాని పక్కనుంచి అతని జాడ, రెండు సన్నని గీతలు, తిన్నగా. నడక ఎంత చక్కగా ఉంది, చూపు లేనివాడి నడకలా లేనేలేదు, పిచ్చిదాన్ని, అనవసరంగా భయపడుతున్నాను, అనుకుంది. వెనక్కి చూస్తే ఇల్లు లేదు. ముందూ లేదు, వెనకా లేదు, కింద తెలుపు, పైన తెలుపు. కళ్ళు పోవడమంటే ఇదేనేమో, చీకటి కాదేమో, ఇలా తెల్లగా ఉంటుందేమో. రెండో రెమ్మ. ఫిబ్రవరి నుంచి అతను ఇందులోనే తిరుగుతున్నాడా, ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా, కారు నడుపుతూ, మనవరాలి పాటకి వంత పాడుతూ. ఎంత భయపడి ఉంటాడు. ఎందుకు చెప్పలేదు నాకు. చెబితే తాళాలు లాక్కునేదాన్ని, అందుకే చెప్పలేదు. మూడో రెమ్మ. "హల్వర్!" పొగమంచు ఆ పిలుపుని దూదిలా పీల్చేసింది. కాళ్ళ కింద ఏదో చిట్లింది, సన్నగా, గాజు గాజు మీద గీసినట్టు, ఆమె కదలకుండా నిలబడిపోయింది, ఊపిరి కూడా బరువేనన్నట్టు బిగబట్టి. నాలుగో రెమ్మ దగ్గర మంచు రంగు మారింది. అతని గీతల్లో నీళ్ళు ఊరి నిలిచాయి.

స్కీలు విప్పేసి బోర్లా పడుకుంది. కోటులోంచి చల్లదనం పొట్టకి తగిలింది. మోచేతుల మీద పాకింది, ఒక మూర, ఇంకో మూర, గీతల వెంటే. గీతలు వంకర పోలేదు. ఎక్కడా ఆగలేదు, అనుమానించి పక్కకి తిరిగిన గుర్తు లేదు, తిన్నగా వెళ్ళి నల్లనీళ్ళ అంచున తెగిపోయాయి. అంచు విరిగి ఉంది, కొత్తగా. పొద్దున్న గజం ఉన్న నీళ్ళు ఇప్పుడు నాలుగు గజాలయ్యాయి. నీళ్ళ మీద ఒక పేపరు విచ్చుకుని తేలుతోంది, వాతావరణం పేజీ. ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడు ఆమెకే మనిషి చప్పుడులా అనిపించలేదు. నీళ్ళలోకి దిగనా, దిగితే ఎంత లోతు, అక్కడ లోతెంత, వాగు తెచ్చిన ఇసక ఉంటుంది, గుండెల దాకా ఉంటుందేమో, గుండెల దాకా ఉంటే నిలబడగలడు, నిలబడితే ఎటు పోయాడు, ప్రవాహం ఐసు కిందికి లాగితే, ఐసు కింద, ఇప్పుడు నా పొట్ట కింద, ఇదిగో నా చెంప కింద... ఆమె చెంప ఐసుకి ఆన్చింది. నేను తలుపు వేశాను. నేనే వేశాను.

"ముందుకి రాకు!"

ఎడమవైపు నుంచి. ఒడ్డు వైపు నుంచి.

"తోరున్, నువ్వేనా? వెనక్కి పో! ఐసు లేదక్కడ!"

గొంతు బొంగురుపోయింది, మాటలు పళ్ళ మధ్య విరుగుతున్నాయి, కానీ అతనే. ఆమె పాక్కుంటూనే వెనక్కి జరిగింది, స్కీలు ఎక్కడ వదిలిందో చూడలేదు, లేచి ఒడ్డుకి పరిగెత్తింది, తుప్పల్లోంచి పైకి, వాగు మీద వాళ్ళిద్దరూ వేసుకున్న రెండు పలకల వంతెన దాటి, మళ్ళీ కిందికి, నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ. అతను ఒక బండని ఆనుకుని కూచుని ఉన్నాడు. ఒక స్కీ లేదు, టోపీ లేదు. గడ్డం నుంచి పాదాల దాకా తడి, బట్టలు అట్టల్లా బిగుసుకుపోయాయి. నీళ్ళు గుండెల దాకానే ఉన్నాయట, కాళ్ళకి ఇసక తగిలిందట, ఐసుని మోచేతులతో పగలగొట్టుకుంటూ వెలుగు తక్కువగా ఉన్న వైపు వచ్చాడట, ఒడ్డు అయి ఉంటుందని. వచ్చాక ఇల్లు ఎటో తెలియలేదట. పిలిచి పిలిచి ఊరుకున్నాడట.

ఆమె మాట్లాడకుండా బట్టలు ఊడదీసింది, పొడి బట్టలు తొడిగింది, దుప్పటి చుట్టింది. కాఫీ తాగిస్తే సగం గడ్డం మీదుగా కారిపోయింది. వీపు రుద్దింది, చేతులు రుద్దింది, చేతులు చెక్కల్లా ఉన్నాయి, మోచేతుల దగ్గర తోలు లేచి రక్తం. అతని వణుకు ఆమె ఒంట్లోకి ఎక్కింది, ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు. బతికున్నాడు. ఇక చెప్పక్కర్లేదు. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు, ఐసు పోయింది, వయసు మీద పడ్డ మనిషి చూసుకోలేదు, ఊళ్ళో అందరూ అంతే అంటారు. ఆ సంగతి అంత సులువుగా తట్టేసరికి, ఐసు మీద పడుకున్నప్పుడు కూడా వెయ్యనంత భయం వేసింది ఆమెకి.

"పొద్దున్న చూశాను" అంది. "నీళ్ళకి వెళ్ళినప్పుడు. అయిదో రెమ్మ నీళ్ళలో ఉంది. నీకు చెప్పలేదు."

అతని పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. వాటి మధ్యనుంచే అడిగాడు. "మర్చిపోయావా?"

అవును అనొచ్చు. చేతికి అందేంత దగ్గరలో ఉంది ఆ మాట. "లేదు" అంది. "నువ్వు బూటు తగిలించుకుంటుంటే గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది. ఒక్క క్షణం... కావాలనే."

వాగు పారుతోంది. అతని మొహం ఆమె వైపే ఉంది, కళ్ళు మాత్రం ఆమె మొహానికి కాస్త పక్కగా, చెవి దగ్గర ఎక్కడో నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ ఎలా గమనించలేదు ఇది.

"నేను నీళ్ళూ చూడలేదు, రెమ్మా చూడలేదు" అన్నాడు. "నాలుగోది చేత్తో పట్టుకున్నాను, అయిదోది తిన్నగానే ఉంటుందని నడిచాను. ఇప్పుడు నువ్వు కూడా కనబడట్లేదు తోరున్. ఎర్రటిదేదో ఉంది. అది నీ కోటేనా?"

"నా కోటే."

"తీరిల్ సంగతి... రోజూ తలుచుకునేవాణ్ణి. ప్రతి మలుపులో. దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకునేవాణ్ణి." అతను దుప్పటి కొసలో మొహం దాచుకున్నాడు. ఏడుపో వణుకో తెలియలేదు. ఆమె క్షమించమనీ అడగలేదు, క్షమించాననీ అనలేదు. రెండూ అక్కడ చాలవనిపించింది.

ఇంతలో మంచు పడటం మొదలైంది, సన్నగా, తడిగా. ఇక్కడే కూచుంటే ఇద్దరూ లేవలేరు. తాడు ఒక కొస అతని నడుముకి కట్టింది, ఇంకో కొస తన నడుముకి. లేవదీస్తే లేచాడు, మోకాళ్ళు వంగిపోయాయి, మళ్ళీ లేచాడు.

"ముందు నువ్వు నడు" అన్నాడు. "మాట్లాడుతూ ఉండు. నువ్వు ఆగిపోతే నాకేమీ తెలియదు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా."

తోరున్ నడిచింది. ఇక్కడ పెద్ద రాయుంది, కుడివైపు జరుగు, అంది. ఇది తుప్ప, తల వంచు. ఇప్పుడు గుంట. వెనకాల తాడు బిగుసుకుంది, వదులైంది, మళ్ళీ బిగుసుకుంది. వంతెన వచ్చింది, రెండు పలకలే, తడిగా ఉన్నాయి, కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి, నాకు చాలా భయంగా ఉంది హల్వర్, అంది, ఎడమకాలు ముందు పెట్టు, ఆఁ, ఇంకొంచెం, అక్కడే, ఇప్పుడు కుడి.